వానకు ముందు కప్ప యెక్కడ నుండును?

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయకుండ నిలిచి యుండుట సామాన్యమైన విషయము కాదు. ఇట్టి శుభసమయమున సాహిత్యమును గూర్చియో, దేశచరిత్రను గూర్చియో మాట్లాడుట పరిపాటి. నిర్వాహకులు మాత్రము ప్రకృతిశాస్త్ర విషయము నొకదానిని తేలిక మాటలలో చెప్పుమని నన్ను కోరిరి. అందుచే మనకందరకును తెలిసినదియు, తెలిసినదే కదా యను ధీమాచేత ఎవరును తేరిపార చూడనిదియు నగు ఒక ప్రాణిని ఎన్నుకొంటిని. అది కప్ప. ‘బావిలో కప్ప’ యని ఎదుటివానిని హేళన చేయుటకును, ‘కప్పల తక్కెడ’ యని ఐకమత్యము లేని సంఘమును ఎత్తిపొడుచుటకును తప్ప దాని పేరు మన నోట రాదు. ఈ దినమున దానికి కొంచెము మర్యాద చేయుదము.

వైశాఖ జ్యేష్ఠములలో మన అమ్రాబాద్ ప్రాంతపు కుంటలను చూడుడు. అడుగుమట్టి పెంకులు పెంకులుగా బీటలు వారి, పశువుల గిట్టల గుర్తులు రాతిమీద చెక్కినట్లు గట్టిపడి యుండును. రోహిణికార్తె యెండకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పిన మాట అప్పుడు అతిశయోక్తిగా తోచదు. ఆ మట్టిలో ప్రాణమున్నదనిన ఎవరు నమ్ముదురు? అట్టి కుంటలో, మృగశిర ప్రవేశించిన పిదప, ఒక్క గట్టివాన కురిసి మోకాలిలోతు నీరు నిలిచినచో, ఆ రాత్రియే కప్పల అరుపులతో ఊరు మారుమ్రోగును. నిన్న లేని కప్పలు నేడెక్కడినుండి వచ్చినవి?

ఈ ప్రశ్నకు పల్లెలలో రెండు సమాధానములు వినబడుచుండును. కప్పలు వానతోపాటు మబ్బులనుండి రాలునని కొందరు చెప్పుదురు. తడిసిన మట్టియే కప్పగా మారునని మరికొందరందురు. రెండును నిజము కావు. కాని రెండవ మాట నిజమునకు మిక్కిలి సమీపమున నున్నది. ఆ కప్పలలో పెక్కు మట్టిలోనుండియే వచ్చును. అయితే మట్టినుండి పుట్టవు. వేసవి యంతయు అవి అక్కడనే, మన పాదముల క్రిందనే యున్నవి. ఎట్లున్నవి, ఏమి తిని యున్నవి, ఏ నీరు త్రాగి యున్నవి అనునదియే నా ప్రసంగ విషయము.

కప్ప ఉభయచరము. అనగా నీటిలోను, నేలమీదను కూడ సంచరించునది. సుమారు 37 కోట్ల సంవత్సరములకు పూర్వము, చేపలవంటి కొన్ని ప్రాణులు నీటిని విడిచి నేలమీద నడచుట మొదలుపెట్టెనని శిలాజములు తెలుపుచున్నవి. ఆ ప్రయాణములో సగము దూరము వచ్చి, రెండు లోకములతోను సంబంధము తెంచుకొనక నిలిచినవే ఉభయచరములు. ప్రపంచమున నేటికి గుర్తింపబడినవి 8,000 జాతులకు పైగా కలవు. అందు కప్పలే అధికము. బల్లివలె తోక గల సలమాండరులు రెండవ తెగ. అవి మన ప్రాంతమున లేవు, డార్జిలింగు కొండలలో కలవు. కాళ్లు లేక వానపామును పోలి మట్టిలో బ్రతుకు సిసీలియనులు మూడవ తెగ. ఈ తెగకు చెందిన ఒక జాతిని తూర్పు కనుమలలో కనుగొని 2013లో శాస్త్రలోకమునకు పరిచయము చేసిరి.

ఇక కప్ప దేహమును పరిశీలింతము. పామునకు పొలుసులు కలవు. పక్షికి ఈకలు కలవు. పశువునకు దళసరి తోలు, దానిమీద రోమములు కలవు. కప్పకు ఇవేవియు లేవు. దాని చర్మము పలుచనిది, ఎల్లప్పుడు తేమగా నుండవలసినది. కప్పకు ఊపిరితిత్తులున్నను, అవి చాలవు. గాలిలోని ప్రాణవాయువు చర్మపు తేమలో కరిగి లోపలి రక్తములో కలియును. అనగా కప్ప చర్మముతో కూడ ఊపిరి పీల్చును. అంతకంటె వింత యొకటి కలదు. కప్ప నోటితో నీరు త్రాగదు. తడినేలమీద చతికిలబడి కూర్చుండి, పొట్టక్రిందను తొడల నడుమను ఉన్న పలుచని చర్మముతో నీటిని లోపలికి గ్రహించును. మనకు చర్మము గోడ వంటిది. కప్పకు అది తెరచియుంచిన తలుపు.

తెరచిన తలుపునుండి లోపలికి వచ్చుటయే కాదు, బయటకు పోవుటయు జరుగును గదా! ఎండలో ఆరవేసిన తడిగుడ్డ యెట్లు ఎండిపోవునో, వేసవి వడగాలిలో కప్పయు అట్లే ఎండిపోవును. ఈ మాటను గుర్తుంచుకొనుడు. నేను చెప్పబోవున దంతయు దీనిమీదనే ఆధారపడి యున్నది. తడిగుడ్డవంటి చర్మము గల ప్రాణి, సంవత్సరములో ఎక్కువ నెలలు నీరు లేని సీమలో ఎట్లు నివసించును?

మన సీమ యెట్టిదో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. కృష్ణానదికి ఉత్తరమున, నల్లమల కొండలమీద నున్న పీఠభూమి మనది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో నుండి, పిదప నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది. చుట్టును 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యము. వర్షములో అధిక భాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే కురియును. మల్లెలతీర్థము వంటి చోట్ల జలము దుముకుచుండ చూచి ఆనందింతుము. కాని కొలది నెలలలోనే వాగులు ఇసుకదారులగును, మనుష్యులు చెలమలు తీసి నీరు తోడుకొందురు. ఇచ్చటి కప్ప జీవితమంతయు ఈ నీటి పంచాంగమును అనుసరించి దిద్దుకొనబడినది. అయితే అన్ని కప్పలును ఒకే ఉపాయమును పన్నలేదు. ఒక్కొక్క జాతి ఒక్కొక్క మార్గమును పట్టినది.

మొదటి మార్గము నేలలో దాగుట. మన తెలుగు మెట్టభూములలో మట్టిని త్రవ్వు కప్పలు కలవు. వాటి వెనుకకాలి మడమవద్ద పారవంటి గట్టి కండె యొకటి యుండును. మనము ముందునకు వంగి త్రవ్వుదుము. ఈ కప్ప వెనుకకు త్రవ్వును. ఒక కాలి తరువాత ఒక కాలితో మట్టిని ప్రక్కలకు నెట్టుచు, తోక లేని తన పిరుదులతో నేలలోనికి దిగిపోవును. మట్టి పైనుండి రాలి దానిని కప్పివేయును. చూచుచుండగనే కప్ప మాయమగును. ఇట్టి కప్పలలో ఒకటి బంతివలె ఉబ్బి, మొగము చిన్నదిగా, నోరు ఇరుకుగా నుండును. ఆ నోటికి తగిన ఆహారము చెదలును, చీమలును. తొలివానకు చెదపుట్టలనుండి ఉసిళ్లు లేచుట మీరెరుగుదురు. మనకు దీపాలచుట్టు చిరాకు కలిగించు ఆ ఉసిళ్లు దానికి సంవత్సరమంతటి పండుగ భోజనము. వానకాలమున తిన్నదానిని కొవ్వుగా కూడబెట్టి, నేల ఎండనారంభింపగనే అది మరల మట్టిలోనికి దిగును.

అక్కడ నెలల తరబడి ఏమి చేయును? ఏమియు చేయకుండుటయే దాని విద్య. దీనిని గ్రీష్మకాల సుప్తావస్థ యందురు. గుండె నెమ్మదించును. శ్వాస నెమ్మదించును. దేహము ఖర్చుచేయు శక్తి సగముకంటె చాల తక్కువకు దిగిపోవును. దివ్వెను ఆర్పక, వత్తి తగ్గించి యుంచినట్లన్నమాట. నీటి విషయమున రెండు జాగ్రత్తలు తీసికొనును. ఒకటి, మూత్రాశయమును నీటితొట్టిగా వాడుకొనుట. మనము విసర్జించు నీటిని అది దాచి, అవసరమైనప్పుడు మరల రక్తములోనికి పీల్చుకొనును. రెండవది మరింత యుక్తితో కూడినది. మనము పైరునకు చల్లు యూరియా ఎట్టి పదార్థమో, అదియే ప్రాణుల దేహములోను తయారగును. మట్టిలో దాగు కప్పలు కొన్ని ఆ యూరియాను బయటకు పంపక రక్తములో పేరుకొననిచ్చును. ఉప్పు చెమ్మను లాగినట్లు ఆ గాఢమైన రక్తము చుట్టునున్న మట్టిలోని స్వల్పమైన తేమను చర్మము ద్వారా లోనికి లాగును. ఉన్నదానిని పోనీయకుండ పట్టియుంచును. మనకు కాలుచున్న పెంకుగా తోచు నేల, నాలుగు జానల క్రింద కప్పకు చలివేంద్రము.

రెండవ మార్గము గరుకు చర్మపు కప్పది. వానకాలపు రాత్రులలో వీధిదీపము క్రిందికి వచ్చి పురుగులను నాలుకతో ఏరుకొని తినుచుండు పొక్కుల కప్ప ఇదియే. దాని చర్మము తక్కిన కప్పల చర్మముకంటె మందమైనది. పగలు రాళ్లక్రిందను, గోడసందులలోను, నీటికుండల చెంతను దాగి, చల్లనివేళ వెలుపలికి వచ్చును. అది వేగముగా దుముకలేదు గనుక ప్రకృతి దానికి వేరొక రక్షణ నిచ్చినది. కన్నుల వెనుక ఉబ్బెత్తుగా రెండు గ్రంథులుండును. శత్రువు నోట పట్టినచో వాటినుండి పాలవంటి విషము స్రవించును. ఒకసారి కరచిన కుక్క నురుగు కక్కి, రెండవసారి దానిజోలికి పోదు. ఆ పొక్కులను తాకినచో మనకు పులిపిరులు వచ్చునను మాట కేవలము అపోహ. అయినను తాకిన చేతితో కన్ను నలుపుకొనరాదు, మంట పుట్టును.

మూడవ మార్గము చెట్టుకప్పది. వ్రేళ్ల చివరల గుండ్రని మెత్తలుండుటచేత నున్నని ఆకుమీదను, గోడమీదను ఇది సునాయాసముగా ప్రాకును. స్నానపుగదిలో గోడమూలను కాళ్లుచేతులు ముడుచుకొని కదలక కూర్చుండునది తరచుగా ఇదియే. అట్లు ముడుచుకొనుటలో అర్థమున్నది. గాలి తగులు చోటు తగ్గిన కొలది నీరు ఆవిరియగుట తగ్గును. అంతేకాక, చర్మమునుండి ఊరు ఒక స్రావమును కాళ్లతో ఒడలంతయు పూసికొనును. దానివలన తేమ త్వరగా పోదు. మన స్త్రీలు చలికాలమున చర్మము పగులకుండ నూనె రాచుకొనుటవంటి పని ఇది. దీని పిల్లల పెంపకము ఇంకను చిత్రమైనది. నీటిమీదికి వంగిన కొమ్మకో, కుంటకు ఆనుకొనిన గోడకో తల్లికప్ప తన స్రావమును వెనుకకాళ్లతో చిలికి, తెల్లని నురుగుగూడు కట్టి అందు గ్రుడ్లు పెట్టును. పైపొర ఎండి పెచ్చుగట్టును, లోపల తేమ నిలుచును. నీటిలోని శత్రువులకు ఆ గ్రుడ్లు అందవు. కొన్ని దినములకు పిల్లలు పొదిగి, నురుగు కరగి, సరిగా క్రిందనున్న నీటిలో జారిపడును.

నాల్గవ మార్గము నీటిని విడువకుండుట. దిగుడుబావులలోను, ఎండని మడుగులలోను కన్నులు మాత్రము పైకి పెట్టి తేలియుండి, మన అడుగుల చప్పుడునకు నీటిమీద గులకరాయి విసరినట్లు గంతులు వేయుచు పోవు కప్పను మీరు చూచియే యుందురు. దాని వెనుకకాలి వ్రేళ్లన్నియు పలుచని పొరతో కలుపబడి తెడ్లవలె పనిచేయును. ఎండాకాలమున ఊరిలో మిగిలిన ఒక్క బావియే దాని దేశము. ‘బావిలో కప్ప’ యని మనము ఎగతాళి చేయుదుము గాని, చుట్టును నేల పగులుచున్నప్పుడు బావిని విడువకుండుట అజ్ఞానము కాదు, బ్రతుకు నేర్పు.

ఇక బోదురు కప్ప. మన దేశపు కప్పలలో అతి పెద్దవానిలో ఒకటి. వేసవిలో గట్లక్రింద బొరియలలో తలదాచుకొని, వానరాగానే వెలువడును. అంతవరకు మట్టిరంగున, పచ్చరంగున ఉన్న మగకప్ప ఆ దినములలో పసుపుపూసినట్లు మెరయును. గొంతునకు ఇరుప్రక్కల నీలపు తిత్తులు ఉబ్బును. ఆ తిత్తులే దాని గొంతును కుంట ఈ గట్టునుండి ఆ గట్టువరకు వినిపించును. అంత అట్టహాసమెందుకు? కుంటలో నీరు ఎన్నాళ్లుండునో తెలియదు. ఒకటి రెండు రాత్రులలోనే జతను పిలిచి, గ్రుడ్లు పెట్టించవలెను. ప్రతి జాతికిని వేరువేరు స్వరము కలదు. అన్ని కప్పలును కలసి అరచునప్పుడు మనకు గోలగా వినబడును. ఆడుకప్పకు మాత్రము అందులో తన జాతి పిలుపు స్పష్టముగా తెలియును. బొటనవ్రేలి కొసంతయే యుండు చిరుకప్పలు కూడ ఈ బృందములో గొంతు కలుపును. ఇవి తమ గ్రుడ్లను నీటిపైన ఒకే వరుసగా పలుచని పొరవలె తేలవిడుచును. ఎండకు కాగిన లోతులేని నీటిలో ప్రాణవాయువు తక్కువ. పైన తేలుటచేత ప్రతి గ్రుడ్డునకును గాలి అందును.

గ్రుడ్డు పొదిగిన తరువాత అసలైన పందెము మొదలగును. ఒక వైపు తోకకప్ప, మరియొక వైపు సూర్యుడు. తోకకప్ప కప్పను పోలక చేపను పోలియుండును. మొప్పలతో శ్వాసించును. గడ్డివలె చుట్టలు చుట్టుకొనిన పొడవైన పేగుతో నాచును, ఆకుకుళ్లును తిని జీర్ణించుకొనును. కొన్ని జాతులలో, బోదురు కప్ప పిల్లలవలె, తోటి తోకకప్పలనే తినునవియు కలవు. పిదప రూపవిక్రియ జరుగును. వెనుకకాళ్లు మొలచును, ముందుకాళ్లు వెలువడును, మొప్పలు మాసి ఊపిరితిత్తులు పనిలోనికి వచ్చును, పొడవైన పేగు పొట్టిదై పురుగులను తినుటకు తగినదగును. ఈ మార్పు జరుగు దినములలో ఆ పిల్ల ఆహారము తీసికొనజాలదు. తన తోకయే తనకు బియ్యపుమూట. అది కరగి దేహమున కలసిపోవును. అనగా తోక రాలిపోదు, ఖర్చయిపోవును.

నీరు త్వరగా తగ్గుచున్నట్లు తెలిసినచో కొన్ని జాతుల తోకకప్పలు ఈ పనిని త్వరపెట్టును. పరిమాణము చిన్నదైనను సరే, ముందు ఒడ్డెక్కుదమను తొందర. నీరు నిలుకడగా నున్నచో నిదానముగా పెరిగి, పెద్దవై బయటకు వచ్చును. గడువు తెలిసి నాట్లువేయు రైతునకును, దీనికిని భేదమేమి? వేలకొలది గ్రుడ్లలో ఒడ్డెక్కునవి స్వల్పమే. ఒకసారి కురిసి ముఖము చాటువేసిన వానకు కుంట ఎండినచో ఆ సంతతి యంతయు నశించును. తల్లికప్పలు మిగిలినచో మరియొక వాననాడు మరల ప్రయత్నించును.

మన కప్పలే కాదు, లోకమంతట ఉభయచరములు ఇట్లే తమ తమ సీమలతో ఒడంబడిక చేసికొనినవి. ఉత్తర అమెరికా ఎడారులలో నొక కప్ప సంవత్సరములో ఎక్కువకాలము నేలలో నుండి, వాన తాకిడికి నేల అదరుటనుబట్టి మేల్కొని వచ్చును. దాని పిల్లలు ఎనిమిది తొమ్మిది దినములలోనే కప్పలు కాగలవు. ఆస్ట్రేలియా ఎడారి కప్ప యొకటి విడిచిన తన చర్మపు పొరలనే సంచివలె చుట్టుకొని నీటితో నిండి నిద్రించును. అక్కడి ఆదివాసులు దప్పికగొన్నప్పుడు దానిని త్రవ్వి తీసి నీరు పిండుకొని త్రాగెడివారు. అలాస్కా అడవులలో నొక కప్ప చలికాలమున మంచుతోపాటు గడ్డకట్టును. గుండె ఆగును. రక్తములోని చక్కెర దాని కణములను కాపాడును. వసంతమున మంచు కరగగానే గుండె మరల కొట్టుకొనును. మన పొరుగున, కేరళ కొండలలో, ఊదారంగు కప్ప యొకటి ఏటికి కొలదిదినములు మాత్రమే వెలుపలికి వచ్చి, తక్కిన కాలమంతయు భూగర్భముననే నుండును. ఇది శాస్త్రజ్ఞుల గ్రంథములలోనికి ఎక్కినది 2003లో మాత్రమే.

మన పూర్వులు ఈ సంగతిని గమనింపకపోలేదు. ఋగ్వేదము ఏడవ మండలమున మండూకసూక్తము కలదు. సంవత్సరకాలము వ్రతము పట్టి మౌనముగా నున్న విప్రులు వానరాకతో గొంతెత్తినట్లు కప్పలు పలుకునని అందలి భావము. వేసవియంతయు కప్ప నిశ్శబ్దముగా పడియుండునని ఆ ఋషికి తెలిసియే యుండెను. మన తెలంగాణ పల్లెలలో వానలు వెనుకాడినప్పుడు రోకలికి వేపమండలు కట్టి, కప్పను అందుంచి, ఇంటింట బిందెడు నీరు పోయించుకొనుచు కప్పతల్లి ఆట ఆడుదురు. కప్ప వానను తెచ్చునా యనినచో తేలేదు. కాని వాన లేనిదే కప్ప లేదనియు, కప్ప పలికిన ఏడు పంట కలదనియు తెలిసినవారు కల్పించిన ఆచారమది. ఆట ముగిసిన పిదప ఆ కప్పను గాయపరుపక తడినేలలో విడిచిపెట్టినచో ఆచారమును దక్కును, ప్రాణమును దక్కును.

ఇంతవరకు నేను కప్ప నేర్పును పొగడితిని. ఇప్పుడు దాని నేర్పునకు అందని సంగతి చెప్పవలసియున్నది. కప్ప కరవునకు సిద్ధపడినది, ఎండకు సిద్ధపడినది, పామునకు, కొంగకు సిద్ధపడినది. కోట్ల సంవత్సరములుగా ఇవి దానికి పరిచయమైన శత్రువులు. కాని విషపునీటికి అది సిద్ధపడలేదు. పూడ్చివేసిన కుంటకు సిద్ధపడలేదు.

ఏ చర్మముతో అది గాలి పీల్చునో, ఏ చర్మముతో నీరు త్రాగునో, ఆ తలుపుగుండనే మనము పత్తిచేలలో చల్లు మందు లోపలికి పోవును. ఎండోసల్ఫాన్ అను మందు చేపలకును, తోకకప్పలకును ప్రాణాంతకమైనది. మనుష్యులకు కూడ హాని కలిగించినందున 2011లో సుప్రీంకోర్టు దానిని మన దేశమున నిలిపివేయించెను. అయినను పురుగుమందులు అన్నియు పోలేదు గదా! పిచికారి డబ్బాలను కుంటలో కడిగినచో, ఆ కడుగునీరే అచ్చటి తోకకప్పల లోకమంతయు. అవి లేచి మరియొక చోటికి పోజాలవు.

మరియొక సంగతి. 1950 తరువాత చాలకాలము మన దేశమునుండి కప్పకాళ్లు విదేశములకు ఆహారముగా ఎగుమతి యగుచుండెను. వేల టన్నుల కాళ్లకొరకు కోట్లకొలది బోదురు కప్పలు పొలములనుండి పట్టబడెను. పైరును తిను పురుగులను తినునవి పోయినచో పురుగులు పెరుగునని శాస్త్రజ్ఞులు మొరపెట్టిరి. 1985లో ఈ కప్ప అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ పట్టికలో చేరినది. 1987లో భారత ప్రభుత్వము ఎగుమతిని నిషేధించెను. కాళ్లు అమ్మి సంపాదించిన సొమ్ముతో పురుగుమందు కొనుట ఎట్టి వ్యాపారమో రైతుసోదరులు ఆలోచింపగలరు.

లోకమంతటను ఇట్టి పరిస్థితియే. చర్మమును పట్టు ఒక బూజువ్యాధిని 1998లో గుర్తించిరి. అది చర్మము పనిని చెరచి, రక్తములోని లవణములను తారుమారు చేసి, గుండెను ఆపును. దానివలన 501 జాతులు క్షీణించినవనియు, అందు 90 జాతులు అంతరించినట్లు భావింపవచ్చుననియు 2019లో శాస్త్రజ్ఞులు లెక్కించిరి. 2023లో ప్రకటింపబడిన ప్రపంచ పరిశీలన ప్రకారము నూటికి సుమారు 41 ఉభయచర జాతులు అంతరించు ప్రమాదములో నున్నవి. వెన్నెముక గల ప్రాణులలో ఇంత ప్రమాదములో నున్న తెగ మరియొకటి లేదు. తెరచియుంచిన తలుపు గల ఇంటికి దొంగ ముందుగా వచ్చును. అందుచే కప్పకు నేడు వచ్చిన కష్టము నీటికి వచ్చిన కష్టము; నీటికి వచ్చిన కష్టము రేపు మనకును రాగలదు.

మనము చేయవలసినవి పెద్ద పనులు కావు. మొదటిది: ఊరి చివరనున్న చిన్నకుంటను పనికిమాలిన గుంటయని తలచి పూడ్చరాదు. చేపలు లేని ఆ తాత్కాలికపు నీరే కప్పపిల్లలకు నిరపాయమైన ఉయ్యెల. చెరువులలో పూడిక తీయుట మంచి పని. 2015 నుండి మిషన్ కాకతీయలో మన ఊళ్లలో ఆ పని జరుగుట చూచితిమి. అట్లు తీయునప్పుడు గట్టంతయు నిలువుగా చెక్కక, ఒక ప్రక్క వాలుగా, లోతు తక్కువగా విడిచినచో కప్పలును బ్రతుకును, దూడలును సులభముగా నీరు త్రాగును. రెండవది: మందు డబ్బాలను నీటి చెంత కడుగరాదు. మూడవది: వాడుకలేని గచ్చుబావిలో ఒక వాలుదుంగ వేసినచో పడిన కప్ప పైకి రాగలదు.

నాల్గవది గ్రంథాలయమునకు సంబంధించినది. దీనికొరకే నేనింత దూరము చెప్పితిని. పుస్తకములు చదువుటయే కాదు, పుస్తకములు వ్రాయుటయు గ్రంథాలయపు పనియే. ఒక మందమైన నోటుపుస్తకము కొని, దానికి ‘కప్పల దస్తరము’ అని పేరుపెట్టుడు. ప్రతి సంవత్సరము మృగశిర మొదలు కొని, తొలివాన ఏ తేదీన కురిసెను, ఏ కుంటలో ఎన్నవనాడు కప్పలు పలికెను, ఎన్ని రకముల స్వరములు వినబడెను, తోకకప్పలు ఎప్పుడు కనబడెను, కుంట ఎప్పుడు ఎండెను అని బడిపిల్లలచేత వ్రాయింపుడు. దీనికి యంత్రములు అక్కరలేదు, ధనము అక్కరలేదు. చెవులును, ఓపికయు చాలును. అడవిలో తిరుగు చెంచు సోదరులకు ఈ స్వరములు మనకంటె బాగుగా తెలియును. వారిని పిలిచి అడుగుడు, వారు చెప్పినది వారి పేరుననే వ్రాయుడు. పది సంవత్సరములు గడచునప్పటికి మన నల్లమల నీటికథను చెప్పు గ్రంథము మీ బీరువాలో నుండును. అట్టిది ఏ అంగడిలోను దొరకదు.

పులిని చూచుటకు దూరదేశములనుండి జనులు మన అడవికి వచ్చుచున్నారు. రానిండు, అది మనకు గౌరవము. కాని పులి త్రాగు మడుగులోని నీరు మంచిదో కాదో ముందుగా చెప్పునది కప్ప. ఏ ఏడు వానపడిన రాత్రి కుంట నిశ్శబ్దముగా నుండునో, ఆ ఏడు మనము లాంతరు పట్టుకొని వెళ్లి కారణమేమో విచారింపవలసియుండును. అట్టి రాత్రి రాకుండ చూచుకొనుట మన చేతిలోనిది.

ఈ గ్రంథాలయము శతవార్షికోత్సవము జరుపుకొనునాటికి కప్పల దస్తరము డెబ్బదియైదవ సంపుటమునకు చేరవలెనని కోరుచున్నాను.